గట్టిపొరలో కురిసిన వాన

మట్టిలో అయస్కాంతం ఉంటుందని తెలిసిన రోజు నుంచి నేను రోడ్డు మీద తిన్నగా నడవడం మానేశానని నేను అద్దెకుంటున్న ఇంటి ఆంటీ ఇప్పటికీ అంటుంటారు. అది పూర్తిగా నిజం కాదు. దారి పక్కన మట్టిగోడ కనిపించినప్పుడు మాత్రమే ఆగేదాన్ని. అయితే డునెడిన్ కొండల మీద పరచుకున్న ఊరు. దారి కోసం కొండను కోయని వీధి ఇక్కడ అరుదు. కాబట్టి ఆమె మాటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోక తప్పదు.

విషయం ఇంత సులభంగా ఉంటుందని నేనూ మొదట నమ్మలేదు. దాదాపు ప్రతి మట్టిలోనూ కొంత ఇనుము ఉంటుంది. వాన పడుతుంది, నేల నానుతుంది, ఆరుతుంది, మళ్లీ నానుతుంది. ఆ తడిపొడి ఆటలో, నేలలోని సూక్ష్మజీవుల సాయంతో, ఆ ఇనుములో కొంత భాగం మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజంగా మారుతుంది. కంటికి ఆనని గింజలు అవి. వాన పెరిగేకొద్దీ ఆ గింజలూ పెరుగుతాయి. తరువాత ఎప్పుడో గాలి మోసుకొచ్చిన దుమ్ము ఆ నేలను కప్పేస్తుంది. కప్పబడిపోయిన నేల తన కాలంలో కురిసిన వానను తనలోనే దాచుకుని పడుకుంటుంది. వేల ఏళ్ల తరువాత ఎవరో వచ్చి, గుప్పెడు మట్టి తీసి, చిన్న పరికరంలో పెడితే, అందులో ఎంత అయస్కాంతం ఉందో అది చెబుతుంది. దాన్నిబట్టి ఆనాటి వానను అంచనా కట్టవచ్చు.

ఆ వచ్చే ఎవరో ఒకరు నేనే కావచ్చునన్న ఊహ నన్ను నిలవనిచ్చేది కాదు.

మా కుటుంబంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. నాన్న ఇదే దేశంలో, ఉత్తరాన ఉన్న టౌరంగా దగ్గర కివీ పళ్ల తోటలో పనిచేస్తారు. ఆయనకు వాన రోజూ ఎదురయ్యే యజమాని లాంటిది. పడితే పని ఆగుతుంది, పడకపోతే నీళ్ల గొట్టాలు మొయ్యాలి. నేను మాస్టర్స్‌లో ఏం చేయబోతున్నానో ఫోన్‌లో వివరించిన రోజు ఆయన చాలా శ్రద్ధగా విన్నారు.

"పాతకాలపు వానను కొలుస్తాను నాన్నా."

"ఎంత పాతదమ్మా? పోయిన వారందా?"

"మనుషులు ఈ దేశానికి రాకముందుది."

"మరి రేపు పడుద్దో లేదో చెప్పే చదువు లేదా అక్కడ?"

"ఉంది. అది వేరే బిల్డింగ్."

"అయ్యో తల్లీ, ఆ బిల్డింగ్‌లో చేరలేకపోయావా!"

అయినా ఆ సాయంత్రమే తోటలో అందరికీ చెప్పేశారట, మా అమ్మాయి వాన మీద రీసెర్చ్ చేస్తోందని. అప్పటి నుంచి టీ విరామంలో ఎవరో ఒకరు ఆయన్ను "ఏమంటోంది మీ అమ్మాయి, టార్పాలిన్లు కప్పమందా?" అని అడగడం అలవాటైపోయింది.

నేను కోరుకున్న నేల ఊరికి ఉత్తరాన, సముద్రం వైపు వాలిన ఒక గొర్రెల పొలంలో ఉంది. ట్రాక్టర్ దారి కోసం ఎప్పుడో వాలును కోశారు. ఆ కోతలో మనిషి ఎత్తుకు మించిన మట్టిగోడ నిలబడి ఉంది. మంచుయుగాల్లో నదుల పొడి ఇసుకల నుంచి గాలి ఎత్తుకొచ్చిన దుమ్ము అది. పైన ఈనాటి గడ్డి నేల. కింద లేత పసుపు మట్టి. దాని కింద కప్పబడిపోయిన పాత నేల, కాస్త ముదురు రంగులో. ఆ పాత నేల అడుగున, పలుగు దెబ్బకు ఖంగుమనే ఒక గట్టిపొర. మొదటిసారి ఆ గోడను చూస్తూ అలాగే నిలబడిపోయాను. వెనక ఒక గొర్రె నా బ్యాగు పట్టీ నములుతున్న సంగతి కూడా గమనించలేదు.

నా థీసిస్ గైడ్‌కు మాత్రం ఆ గోడ మీద అంత నమ్మకం లేదు. ఆమె ఈ దేశస్థురాలు, తెల్లజుట్టు మనిషి, ఎప్పుడూ మోకాళ్ల మీద మట్టి మరకలతో ఉంటారు. తనను పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పారు. వయసులో అంత పెద్దవారిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేడమ్ అంటే ఆమె వద్దన్నారు. కాబట్టి ఏ పిలుపూ లేకుండా, ఆమె గది గుమ్మం దగ్గర నిలబడి చిన్నగా దగ్గేదాన్ని. కొన్నాళ్లకు ఆమె నాకు గొంతు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టారు.

"ఈ వేసవి నీది," అన్నారు ఆమె. "ఆ గోడ ఏదైనా చెబుతోందని నాకు చూపించు. చూపిస్తే అదే నీ థీసిస్. లేకపోతే సరస్సు మట్టి పని సిద్ధంగా ఉంది."

సరస్సు మట్టి పని అంటే, ఎవరో ఎప్పుడో తవ్వి తెచ్చిన మట్టికి ఎవరో తీసిన అంకెలను నేను కంప్యూటర్ ముందు కూర్చుని సవరించడం. మంచి పనే. భద్రమైన పని. కానీ అది నా నేల కాదు. ఆ గోడ నాది కావాలని నేను ఎంత బలంగా కోరుకున్నానంటే, పొలం నుంచి బస్సులో వస్తున్నప్పుడు బూట్లకు అంటిన మట్టిని కూడా జాగ్రత్తగా దులిపి సంచిలో వేసుకునేదాన్ని.

వేసవి సెలవుల్లో మా విభాగంలో మట్టి ఆరబెట్టే గదికి మరమ్మతులు జరుగుతున్నాయి. ఇంటి దగ్గరే ఆరబెట్టుకోవచ్చునని గైడ్ అనుమతించారు. నేను ఒక తెలంగాణ దంపతుల ఇంట్లో గది తీసుకుని ఉంటున్నాను. ఆంటీ ఆసుపత్రి వంటశాలలో, అంకుల్ సిటీ బస్సు మీద పనిచేస్తారు. వారి ఇంటి వెనక చెక్క అరుగు మీద ఆంటీ ప్రతి వేసవిలోనూ సగ్గుబియ్యం వడియాలు పెడతారు. డునెడిన్ ఎండకు వడియాలు ఆరడం అంటే ఆంటీకి ఆ ఎండతో ఏటా జరిగే పోరాటం. ఈసారి ఆ వడియాల పక్కన నా మట్టి పళ్లేలు వరుసగా చేరాయి.

"గిదేంది బిడ్డా," అన్నారు ఆంటీ మొదటి రోజు. "మన్ను ఆరబోస్తున్నవ్? ఏమన్న మొలకెత్తుతదా?"

"లేదాంటీ. దీంట్లో వాన ఉంది."

"వానుంటే ఎండల ఎందుకు పెట్టినవ్? ఆవిరై పోదా?"

అంకుల్ లోపలి నుంచి అందుకున్నారు. "పోనియ్యే. ఆ పిల్ల రీసెర్చ్ చేస్తుంది. నీ వడియాల మీద ఎవడన్న చేస్తున్నడా?"

"నా వడియాల మీద సముద్రపు కాకులు చేస్తున్నయ్. నువ్వు పేపర్ చూసుకుంట కూసుంటవ్."

పళ్లేల్లోని మట్టి అంతా చేత్తో నలిపితే పొడి అయ్యేదే, ఒక్క గట్టిపొర మట్టి తప్ప. అది ఆరాక బెల్లం అచ్చులా బిగుసుకుపోయింది. నాకు ఆ వారం లైబ్రరీలో పని ఉంది. అంకుల్ తాను ఖాళీగా ఉన్నానని, గడ్డలు కొట్టి పెడతానని అన్నారు. నేను ఆయనకు ఒక చెక్క సుత్తి ఇచ్చి, ఇనుము దేనికీ ఆ మట్టిని తగలనీయకూడదని, ఎందుకు తగలనీయకూడదో కూడా, అరగంట సేపు వివరించాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. సాయంత్రం వచ్చేసరికి గట్టిపొర మట్టి అంతా మెత్తగా, జల్లించినట్టు, డబ్బాల్లో నింపి ఉంది. నేను అంకుల్‌కు చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆయన తల ఊపారు.

మరుసటి వారం ప్రయోగశాలలో ఒక్కో డబ్బాను పరికరంలో పెట్టాను. పై పొరల్లో అంకెలు నెమ్మదిగా నడిచాయి. కప్పబడిపోయిన నేలలోకి రాగానే కాస్త పెరిగాయి. అంతవరకు అనుకున్నట్టే ఉంది. గట్టిపొర మొదటి డబ్బా పెట్టగానే అంకె ఎగిరింది. తప్పేమోనని తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. రెండోది ఇంకా ఎక్కువ. మూడోదీ అలాగే. గ్రాఫ్ గీస్తే నా గట్టిపొర దగ్గర ఒక శిఖరం నిటారుగా లేచి నిలబడింది.

అంత అయస్కాంతం అంటే ఎంత వాన! ఈ తీరంలో ఆనాడు ఎన్ని తరాల పాటు కుండపోతగా కురిసి ఉండాలి! నేను ఆ భవనం నడవాలో పరుగెత్తాను. అక్కడ పరుగెత్తకూడదని గోడ మీద రాసి ఉంది. ఆ బోర్డును దాటేటప్పుడు మాత్రం నడిచి, దాటాక మళ్లీ పరుగెత్తాను. కాపలా ఉన్న మనిషి ఏమైందని అడిగితే "వాన" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బయట మంచి ఎండ.

నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా! వాన చాలా ఎక్కువ!"

"ఎక్కడ? ఇక్కడేం లేదే."

"నా గట్టిపొరలో! శిఖరం వచ్చింది నాన్నా, శిఖరం!"

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు గానీ, నా గొంతు విని ఆయన గొంతూ మారిపోయింది. "ఓరేయ్, మా అమ్మాయికి వాన దొరికిందిరా!" అని తోటలో ఎవరితోనో అరవడం వినిపించింది. ఫోన్‌లోంచి చప్పట్లు వచ్చాయి. కివీ తీగల కింద కొందరు కూలీలు ఎన్నో వేల ఏళ్ల కిందటి వానకు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఆంటీ సేమ్యా పాయసం చేశారు.

గైడ్‌కు గ్రాఫ్ పంపితే ఒకే ఒక్క వరుస జవాబు వచ్చింది. ఆసక్తిగా ఉందని, శనివారం తాను స్వయంగా గోడను చూడటానికి వస్తానని, పొలంలో వాడే చేతి పరికరాన్ని తెస్తానని. ఆ పరికరం అంతవరకు వేరే బృందం దగ్గర ఉండేది. దాన్ని నేరుగా మట్టిగోడకు ఆనిస్తే చాలు, అక్కడికక్కడే అంకె చెబుతుంది. ఆమె వస్తున్నారని తెలియగానే ఆంటీ తీర్మానించేశారు.

"మన ఇంటి మీంచే కదా పోయేది. తినిపొమ్మను. ఉత్త కడుపుతోటి గుట్టెక్కుతరా ఎవరన్న?"

శనివారం గైడ్ వచ్చారు. అరుగు మీద వడియాలకూ నా పళ్లేలకూ మధ్య బల్ల వేశాం. పప్పు, బెండకాయ వేపుడు, అన్నం, నెయ్యి, కారప్పొడి. కారప్పొడితో జాగ్రత్తగా ఉండమని నేను గైడ్‌కు ఇంగ్లీషులో హెచ్చరించాను. ఆమె ఒక ముద్ద తిన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు తుడుచుకుని, ఇంకొంచెం వేయించుకున్నారు. ఆంటీ ముఖం వెలిగిపోయింది.

"ఎలా నూరుతారు దీన్ని? మిక్సీ పొడిలా లేదు," అని అడిగారు గైడ్.

ఆంటీ లేచి లోపలికి వెళ్లి, రెండు చేతులతో మోసుకుంటూ వచ్చారు. కిందటిసారి ఇండియా నుంచి తెచ్చుకున్న కొత్త ఇనుప రోలు. దాన్ని బల్ల మీద పెడితే గ్లాసులు గలగలలాడాయి.

"ఐరన్," అన్నారు ఆంటీ గర్వంగా. "ఫుల్ ఐరన్. వెరీ స్ట్రాంగ్. మిర్చి, ధనియా, ఆల్. హర్ మడ్ ఆల్సో, ఐ ఓన్లీ మేడ్ ఇన్ దిస్."

నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. గైడ్ చెంచా కూడా.

"ఆంటీ," అన్నాను. "ఏ మట్టి?"

"గదే బిడ్డా, రాయి లెక్క అయింది చూడు, గా మన్ను. చెక్క సుత్తితోటి ఒక్క పెచ్చన్న లేస్తదా? నేనే దంచిన. జల్లెడ గూడ పట్టిన. నేను దంచితె సన్నగ రాక ఏమైతది?"

నేను అంకుల్ వైపు తిరిగాను. ఆయన మజ్జిగలో ఏదో వెదుకుతున్నారు.

"అంకుల్, మీరు దంచారని కదా..."

"నేను దంచిన అని నేనన్ననా? నువ్వు థాంక్స్ చెప్పినవ్. నేను తీసుకున్న. గంతే."

"తీసుకున్నవా?" ఆంటీ నడుం మీద చెయ్యి పెట్టారు. "నేను చెమటలు కక్కుకుంట దంచితె థాంక్స్ నువ్వు తీసుకున్నవా? ఇనుము తగలొద్దని ఆ పిల్ల చెప్పిందంటే, గా ముచ్చట నాకు చెప్పనే లేదు!"

"నువ్వు అడిగినవా?"

గైడ్‌కు ఈ సంభాషణలో ఒక్క మాటా తెలియదు. కానీ ఆమెకు తెలియవలసింది రోలులో కనిపిస్తూనే ఉంది. ఆమె ఫ్రిజ్ మీది అయస్కాంతపు బొమ్మ ఒకటి అడిగి తీసుకున్నారు, కివీ పిట్ట ఆకారంలో ఉన్నది. దానికి పలుచని ప్లాస్టిక్ కవరు చుట్టి, గట్టిపొర మట్టి మిగిలిన డబ్బాలో మెల్లగా తిప్పి పైకి తీశారు. కివీ పిట్టకు గడ్డం వచ్చింది. నల్లగా, కుచ్చుగా, నిక్కబొడుచుకున్న గడ్డం. ఆమె జేబులోంచి భూతద్దం తీసి చూసి, నాకు ఇచ్చారు. ఖనిజపు గింజలు అలా ఉండవు. ఇవి పలుచగా, మెరుస్తూ, అంచులు చీలిన ఇనుప రజను. నా శిఖరం అదే. ఎన్నో తరాల కుండపోత వాన, ఒక సాయంత్రం ఆంటీ రోకలి నుంచి కురిసింది.

అంకుల్ అదే అయస్కాంతాన్ని తీసుకుని, అడగకుండానే, కారప్పొడి గిన్నెలో తిప్పారు. దానికీ ఒకటి రెండు నల్లని తుంపులు అంటుకున్నాయి.

"అందుకనే డాక్టర్ నా రక్తంల ఇనుము ఫుల్లుంది అన్నడు," అన్నారు ఆయన.

మొదట నవ్వింది గైడ్. మాట అర్థం కాకపోయినా, ఆ మనిషి ఆ అయస్కాంతాన్ని పట్టుకున్న తీరుకే ఆమె నవ్వారు. ఆమె నవ్వుకు ఆంటీ, ఆంటీ నవ్వుకు అంకుల్, చివరికి నేను. నవ్వుతున్నాను గానీ లోపల మాత్రం సరస్సు మట్టి కనిపిస్తోంది. కిటికీ లేని గది, ఎవరివో అంకెలు. ఈ సమయంలో నాన్న తోటలో ఎవరెవరికి ఆ శిఖరం గురించి చెబుతున్నారో.

ఆంటీ నవ్వు ఆపి నా ముఖం చూశారు. "ఖరాబ్ చేసిన్నా బిడ్డా?"

"లేదాంటీ. మట్టి ఇంకా గోడలో ఉంది."

అది ఆమెను ఓదార్చడానికి అన్న మాట. అన్నాక, అది నిజమేనని నాకూ తోచింది.

గైడ్ కారులో పొలానికి వెళ్లాం. దారిలో ఆమె మిరపకాయ మంటకు అప్పుడప్పుడు నోరు ఊదుకున్నారు. గోడ దగ్గర నేను తాపీతో పైపొరను చెక్కి, తాజా ముఖం తెరిచాను. చేతి పరికరం లావుపాటి పెన్నులా ఉంది. నేను దాన్ని గోడకు ఆనించి అంకె చదవడం, ఆమె రాసుకోవడం. పై నేల. పసుపు మట్టి. కప్పబడిపోయిన నేల మొదలైంది, అంకెలు పెరిగాయి. నా గొంతు కూడా పెరిగి ఉంటుంది, ఎందుకంటే ఆమె "నాకు వినిపిస్తోంది" అన్నారు. తరువాత గట్టిపొర.

అంకె పడిపోయింది.

ఒక జానెడు కిందికి జరిపాను. ఇంకా పడిపోయింది. గట్టిపొర అంతటా అయస్కాంతం దాదాపు లేనట్టే ఉంది. నా శిఖరం ఉన్న చోట ఇప్పుడు లోయ ఉంది. తక్కువ అయస్కాంతం అంటే తక్కువ వాన. చైనాలోని పెద్ద దుమ్ము మైదానాల గురించి నేను చదివిన పాఠాలన్నీ అదే చెప్పాయి. అంటే నా నేల మీద కుండపోత కాదు, కరువు. అది కూడా చెప్పుకోదగ్గ విషయమేనని నన్ను నేను సమాధానపరచుకోబోయాను. ఎందుకో మనసు ఒప్పలేదు.

"పరికరం పక్కన పెట్టు," అన్నారు గైడ్. "గోడలో ఏం కనిపిస్తోంది?"

నేను గోడను చూశాను. ఇన్నాళ్లూ దాన్ని తవ్వాను, కొలిచాను, సంచుల్లో నింపాను, బహుశా ప్రేమించాను కూడా. ఇంత నిదానంగా చూశానో లేదో చెప్పలేను. గట్టిపొర పసుపు రంగులో లేదు. బూడిద రంగులో ఉంది. ఆ బూడిద రంగులో, ఒకప్పుడు వేళ్లు దిగిన పగుళ్ల వెంట, తుప్పు రంగు చారలు.

"బూడిద రంగు," అన్నాను. "అంటే నీళ్లు నిలిచాయి."

"నిలిస్తే?"

"గాలి ఆడదు. గాలి ఆడకపోతే..." వేలితో ఒక తుప్పు చారను తడిమాను. "గాలి ఆడకపోతే సూక్ష్మజీవులు ఇనుమునే వాడుకుంటాయి. ఇనుము నీళ్లలో కరిగిపోతుంది. మాగ్నటైట్ కరిగిపోతుంది! వాన తక్కువై కాదు, మరీ ఎక్కువై అయస్కాంతం పోయింది! కొంతవరకు వాన పెట్టింది. అంతకు మించాక ఆ వానే తినేసింది!"

ఇది నేను కనిపెట్టిన సత్యం కాదు. తడి ఎక్కువైన నేలల్లో ఇలా జరుగుతుందని పుస్తకాల్లో ఉంది, నేను చదివాను, కింద గీతలు కూడా గీశాను. కానీ గీత గీసిన వాక్యం ఒక గోడలో నుంచి నా ముఖం మీదికి దూకడం అదే మొదటిసారి. నేను గంతు వేశాను. గొర్రెలు చెదిరాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

నాన్న. వీడియోలో ఆయన ముఖం, వెనక టీ కప్పులతో మరో మూడు ముఖాలు.

"అమ్మా, వీళ్లు నమ్మట్లేదు. నీ వాన సంగతి నువ్వే చెప్పు."

గైడ్ పక్కనే ఉన్నారు. అబద్ధం చెప్పే వీలు లేదు, చెప్పాలనీ లేదు. "నాన్నా, ఆ శిఖరం తప్పు. ఆంటీ ఆ మట్టిని ఇనుప రోట్లో దంచారు. అది రోలు ఇనుము."

వెనక ఒకాయన టీ కక్కేశాడు. "రోలు కొలిచిందట్రా!"

"ఉండండ్రా," అన్నారు నాన్న, కొంచెం చిన్నబోయి. "మరి వాన లేనట్టేనా తల్లీ?"

"ఉంది నాన్నా. చాలా ఎక్కువ ఉంది."

"మొన్నా ఎక్కువే అన్నావుగా?"

"మొన్న తప్పుగా ఎక్కువ. ఇవాళ సరిగ్గా ఎక్కువ."

ఆయన ఆలోచించారు. "అంటే లెక్క తప్పింది గానీ జవాబు తప్పలేదు."

"అంతే నాన్నా."

"మరి మార్కులేస్తారా?"

గైడ్ ఏం మాట్లాడుకుంటున్నామని అడిగారు. నేను ఒక్కో మాటా యథాతథంగా ఇంగ్లీషులో చెప్పాను, మార్కుల ప్రశ్నతో సహా. నాన్న ఫోన్‌లో నిటారుగా నిలబడి, టోపీ తీసి పట్టుకున్నారు. ఆమె ఆ మాటలు విని నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది.

"అది సరిగ్గా ఎక్కువేనని నీకెలా తెలుసు?" అన్నారు. "గట్టిగా ఉండటం వల్ల ఆ పొరలో నీళ్లు ఇంకక నిలిచి ఉండవచ్చు. మామూలు వానకే. అప్పుడు?"

న్యాయమైన ప్రశ్న. నాన్నకు మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. గోడ ముందు అటూ ఇటూ నడిచాను. తీరం నుంచి లోపలికి, కొండల వెనక్కి వెళ్లేకొద్దీ ఈ ప్రాంతంలో వాన తగ్గుతూ పోతుంది. ఇక్కడ పచ్చిక, అక్కడ ఎండిన రాతి నేల. ఒక్క రోజు ప్రయాణంలో తడి నుంచి పొడి దాకా అన్ని రకాల నేలలూ వస్తాయి. ఈనాటి వాన ఎంతో అన్ని చోట్లా తెలుసు. ఒక్కో చోట ఈనాటి నేలను కొలుచుకుంటూ పోతే, వానతో పాటు అయస్కాంతం ఎక్కడిదాకా పెరుగుతుందో, ఎక్కడ మలుపు తిరిగి తగ్గడం మొదలవుతుందో తెలుస్తుంది. గట్టిపొర ఉన్న చోట్లూ, లేని చోట్లూ విడిగా కొలవాలి. ఆ మలుపు తెలిస్తే ఈ గోడ ఏ వైపుదో చెప్పవచ్చు. ఇదంతా ఎంత వేగంగా చెప్పానో నాకు తెలియదు. మధ్యలో రెండు మూడు వాక్యాలు తెలుగులోనే చెప్పేశానని గైడ్ తరువాత అన్నారు.

ఆమె పెన్ను మూత పెట్టారు. "మలుపు ఎక్కడుందో తెలియకుండా ఏ అంకెనూ వానగా మార్చవద్దు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను."

"అయితే పొలం యజమానికి చెప్పు, చలికాలం దాటేదాకా నీకు ఈ గోడ కావాలని. సరస్సు మట్టికి ఇంకెవరినైనా చూసుకుంటాను."

నేను ఆమెకు కృతజ్ఞత తెలుపుతూ ఒక పద్ధతైన వాక్యం చెప్పాలనుకున్నాను. నోట్లోంచి మొదటిసారిగా ఆమె పేరు వచ్చింది. కేవలం పేరు, అదీ చాలా గట్టిగా. ఆమె ఉలిక్కిపడి, తరువాత చాలా సంతోషించారు.

పొలం యజమానురాలు గేటు దగ్గర నాలుగు చక్రాల బండి మీద కూర్చుని ఉన్నారు. చలికాలం దాటేదాకా రావచ్చునా అని అడిగాను. ఆమె షరతులు చెప్పడం మొదలుపెట్టారు. తవ్విన గొయ్యి పూడ్చాలి. సరే. గొర్రెలు ఈనే కాలంలో కుక్కలను తేకూడదు. సరే, నాకు కుక్కలు లేవు. పై దారిన రాకూడదు, జారుతుంది. సరే.

"మరి ఇందాక నువ్వు గంతులేసి చెదరగొట్టిన గొర్రెలను అవతలి మడిలోకి తోలాలి. ఇప్పుడే."

సరే అన్నాను. అప్పుడు నేను దేనికైనా సరే అనే స్థితిలో ఉన్నాను. గైడ్ ఒక వైపు చేతులు చాచి నిలబడ్డారు. నేను రెండో వైపు. గొర్రెలు ఒకసారి మమ్మల్ని చూసి, మా అనుభవం ఎంతో అంచనా వేసుకుని, ఇద్దరి మధ్య నుంచి పారిపోయాయి. నేను చేతులు రెండూ ఎత్తి, హోయ్ హోయ్ అని అరుస్తూ, ఆ వాలు మీద వాటి వెనక పరుగెత్తాను.